ఫార్మాట్ కొట్టించే ముందు గ్రాఫిక్స్ కార్డును ఒక్కసారి ఆపి చూడండి

(ఫొటో స్టూడియోల వాళ్ళు, ఆల్బమ్ డిజైనర్లు కలుసుకున్న సమావేశంలో స్టూడియో సిస్టమ్‌లు సర్వీసు చేసే ఒక మిత్రుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, తోటి స్టూడియో మిత్రులకు, వెనక నిలబడి వింటున్న కుర్రాళ్ళకు కూడా. కుర్చీలు ఇంకా ఉన్నాయి, ముందుకొచ్చి కూర్చోండి బాబూ. కెమెరాల గురించి చెప్పేవాళ్ళు, లైటింగ్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాకు మాత్రం ఎవరికీ నచ్చని సబ్జెక్టు ఇచ్చారు, గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేరు. సరే, కానిద్దాం.

మొదట ఒక ప్రశ్న. ఫొటోషాప్ తెరవగానే ఒక పెట్టె వస్తుంది. డిస్‌ప్లే డ్రైవరుతో ఇబ్బంది వచ్చింది, గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌తో నడిచేవన్నీ ప్రస్తుతానికి ఆపేశాం, కార్డు కంపెనీ సైటులో కొత్త డ్రైవరు ఉందేమో చూసుకోండి అని ఇంగ్లీషులో ఉంటుంది. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. అది చదవకుండా ఓకే కొట్టేసినవాళ్ళు? చూశారా, ఇప్పుడు ఇంకా ఎక్కువ చేతులు లేచాయి.

ఓకే కొట్టేశాక ఏమవుతుంది? జూమ్ చేస్తే బొమ్మ ముక్కముక్కలుగా కదులుతుంది. రొటేట్ వ్యూ పనిచేయదు. ముఖం, ఒళ్ళు ఆకారం సర్దే లిక్విఫై తెరిస్తే సిస్టమ్ స్ట్రక్. రెండు రోజులు ఓర్చుకుంటారు, మూడో రోజు మాకు ఫోను. ఫోనులో మాట ఎప్పుడూ ఒకటే: "సిస్టమ్ స్లో అయిపోయిందండీ, ఫార్మాట్ కొట్టేయండి." ఫార్మాట్ కొడితే ఏం పోతాయో మీకే తెలుసు. ఫాంట్లు, యాక్షన్లు, బ్రష్‌లు, లైట్‌రూమ్ ప్రీసెట్లు, మళ్ళీ ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు తలనొప్పి. ఇంతా చేసి, ఫార్మాట్ అయ్యాక విండోస్ అప్‌డేట్ మళ్ళీ అదే డ్రైవరు దించుతుంది. మళ్ళీ అదే పెట్టె. అవునా కాదా?

అందుకే నేను ఇవాళ అడిగేది ఒక్కటే. ఫార్మాట్ మాట తర్వాత, కొత్త డ్రైవరు మాట కూడా తర్వాత. ముందు దోషి ఎవరో తేల్చండి. తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.

అసలు ఫొటో సాఫ్ట్‌వేరుకి కార్డుతో ఏం పని అని అడుగుతారు. గేములకైతే కావాలి గానీ, కదలని ఫొటోకి ఎందుకు అని. ఒకప్పుడు నిజంగానే అక్కర్లేదు. ఇక్కడ ఫొటోషాప్ 7.0లో అను ఫాంట్లతో ఫ్లెక్సీలు చేసేవాళ్ళున్నారు, నాకు తెలుసు, నవ్వకండి. ఆ 7.0 వచ్చింది 2002లో. దానికి కార్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పని మొత్తం ప్రాసెసరుదే. కాబట్టి 7.0 వాళ్ళు ఇప్పుడు టీకి వెళ్ళొచ్చు. 2008లో వచ్చిన సీఎస్4తో ఫొటోషాప్ తెర మీద బొమ్మ చూపించే పని కార్డుకి అప్పగించడం మొదలుపెట్టింది. 2012లో సీఎస్6 వచ్చేసరికి లిక్విఫై లాంటివి కూడా కార్డు మీదికి వెళ్ళాయి. అడోబ్ వాళ్ళదే ఇంకో ఫొటో సాఫ్ట్‌వేరు లైట్‌రూమ్ క్లాసిక్ అయితే ఒక్కో మెట్టే ఎక్కింది. ముందు తెర మీద చూపించడానికి, తర్వాత ఫొటోని ప్రాసెస్ చేయడానికి, 2022 నుంచి ఎక్స్‌పోర్టుకి కూడా కార్డుని వాడుతోంది. 2023లో ఫొటోలోని గరుకు చుక్కలు తీసేసే ఏఐ డీనాయిజ్ వచ్చింది. అక్కడి నుంచీ నాకు ఫోన్లు పెరిగాయి.

ఎందుకంటారా? అంతకుముందు కార్డు అప్పుడప్పుడూ ఓ చెయ్యి వేసేది. డీనాయిజ్ వచ్చాక కార్డు నూటికి నూరు పాళ్ళు బిగపట్టి పనిచేయాలి. ఎక్కడ బలహీనత ఉన్నా అక్కడ బయటపడుతుంది.

ఇంకో లెక్క చూడండి. మనం చేసే 12×36 షీటు 300 రిజల్యూషన్‌లో అంటే 10800 పిక్సెళ్ళు అడ్డం, 3600 నిలువు. దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్ళు. అది ఒక్క లేయరుకి. మీ పీఎస్‌డీలో లేయర్లు ఎన్ని ఉంటాయి? పూల బార్డరు, పంచరంగుల బ్యాక్‌గ్రౌండు, పెళ్ళికూతురు కటౌటు, దాని నీడ, దాని మీద గ్లో. గేము ఆడేవాడి కార్డు కన్నా మన కార్డు తేలిక పని చేస్తోందని అనుకోవద్దు.

ఇక డ్రైవరు. ఫొటోషాప్‌కీ కార్డుకీ నేరుగా మాటల్లేవు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్యలా ఉండేది డ్రైవరు. సంబంధం కుదిరితే పేరయ్యను ఎవరూ తలుచుకోరు. చెడితే రెండు పక్షాలూ ఆయన్నే తిడతాయి. ఒక్కోసారి తప్పు నిజంగా పేరయ్యదే. చాలాసార్లు కాదు.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఫొటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్. అక్కడ యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్ అని టిక్కు ఉంటుంది. అది తీసేయండి. ఫొటోషాప్ మూసి మళ్ళీ తెరవండి. మూసి తెరవాలి, మర్చిపోకండి. రా ఫైళ్ళు తెరిచే కెమెరా రా వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి, దానికి దాని సొంత ప్రిఫరెన్సెస్ ఉంటాయి, అందులో కూడా పెర్ఫార్మెన్స్ కింద ఆపాలి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్, అక్కడ ఆటో, ఆఫ్, కస్టమ్ అని ఉంటాయి. ఆఫ్ పెట్టండి.

ఇప్పుడు ఏ ఫొటో మీద, ఏ పని చేస్తుంటే కూలిపోయిందో, సరిగ్గా అదే ఫొటో తెరిచి అదే పని చేయండి. వేరే ఫొటో మీద చేసి "బాగానే ఉందండీ" అంటే ఆ పరీక్ష లెక్కలోకి రాదు.

రెండే జరుగుతాయి. ఒకటి, నెమ్మదిగా అయినా కూలిపోకుండా పని అయిపోతుంది. అంటే గొడవ కార్డు వైపే ఉంది. కార్డో, డ్రైవరో, కార్డుకి వచ్చే కరెంటో, వేడో. రెండు, కార్డు ఆపినా అలాగే కూలిపోతుంది. అప్పుడు డ్రైవరు జోలికే వెళ్ళకండి. ఎన్ని డ్రైవర్లు మార్చినా అది పోదు. స్క్రాచ్ డిస్కు, అంటే ఫొటోషాప్ పని చేస్తూ తాత్కాలికంగా వాడుకునే డిస్కు జాగా, నిండిపోయిందేమో చూడండి. సీ డ్రైవులో రెండు జీబీ ఖాళీ పెట్టుకుని 12×36 షీట్లు చేస్తుంటారు, ఎలా నడుస్తుంది? షిఫ్ట్ కీ నొక్కిపట్టి ఫొటోషాప్ తెరవండి, బయటి ప్లగిన్లు వదిలేయమంటారా అని అడుగుతుంది, వదిలేయమనండి. అప్పుడు బాగుంటే దోషి ఆ ప్లగినే. పాత ప్యానెళ్ళు, ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన ఫిల్టర్లు, ఇవన్నీ మీ సిస్టముల్లో ఉంటాయని నాకు తెలుసు.

రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూలిపోవడం ఏమీ ఉండదు, కానీ లైట్‌రూమ్‌లో ఫొటో మొత్తం పసుపు కొట్టి కనపడుతుంది, లేదా నీడలు నల్లగా ముద్ద కట్టేస్తాయి. అదే ఫొటో ఫోనులో చూస్తే బాగుంటుంది. వెంటనే "కార్డు పోయిందండీ" అంటారు. అది చాలాసార్లు మానిటర్ ప్రొఫైల్, అంటే ఆ తెర రంగులు ఎలా చూపిస్తుందో రాసి ఉండే ఫైలు. మానిటర్ కంపెనీ ఇచ్చిన ప్రొఫైలో, పాత కాలిబ్రేషన్ ప్రొఫైలో పాడై ఉంటుంది. విండోస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, తాత్కాలికంగా ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు ప్రొఫైల్ పెట్టి చూడండి. రంగులు సర్దుకుంటే మీ కార్డుకి ఏ జబ్బూ లేదు.

ఒక్క ఇబ్బంది ఉంది. ఫొటోషాప్ అసలు తెరుచుకోకపోతే? టిక్కు తీయడానికి లోపలికే వెళ్ళలేకపోతే? అప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి నొక్కిపట్టి తెరవండి. సెట్టింగ్స్ ఫైలు తీసేయమంటారా అని అడుగుతుంది. ఆగండి, అప్పుడే ఎస్ కొట్టకండి! మీరు సేవ్ చేసుకోని యాక్షన్లు దాంతోపాటే పోతాయి. ముందుగా మీ యూజర్ ఫోల్డరులో యాప్‌డేటా, రోమింగ్, అడోబ్ అని వెళ్ళి, ఆ ఫొటోషాప్ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి. యాప్‌డేటా దాచిపెట్టి ఉంటుంది, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్కు పెడితేనే కనపడుతుంది. కాపీ అయ్యాక అప్పుడు ఎస్ కొట్టండి. యాక్షన్లు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ఆస్తి. జాగ్రత్త.

సరే, కార్డు వైపే గొడవ అని తేలిందనుకుందాం. ఇప్పుడు కొత్త డ్రైవరు దించుదామా? ఇంకా లేదు. ముందు, ఫొటోషాప్ ఏ కార్డుని వాడుతోందో చూడండి. ఇది చాలామంది వదిలేస్తారు. చాలా ల్యాప్‌టాపుల్లో రెండు ఉంటాయి. ప్రాసెసరులోనే ఉండే ఇంటెల్‌దో ఏఎండీదో ఒకటి, విడిగా ఎన్విడియాదో ఏఎండీదో ఇంకొకటి. లక్ష రూపాయలు పోసి ఆర్టీఎక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కొంటారు, ఫొటోషాప్ మాత్రం కరెంటు పొదుపు చేద్దామని ఇంటెల్ దాని మీద నడుస్తుంటుంది. ఫొటోషాప్‌లో హెల్ప్ మెనూలో సిస్టమ్ ఇన్ఫో తెరిస్తే ఏ కార్డు దొరికిందో పేరుతో సహా రాసి ఉంటుంది. కొత్త వెర్షన్లలో హెల్ప్ కింద జీపీయూ కంపాటిబిలిటీ అని కూడా ఉంది, జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసరే, అది ఏ పరీక్ష గట్టెక్కింది, ఏది గట్టెక్కలేదు అని చూపిస్తుంది.

సరైన కార్డు రాకపోతే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్. అక్కడ ఫొటోషాప్‌ని జాబితాలో చేర్చి, ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. లైట్‌రూమ్‌ని విడిగా చేర్చాలి. అది చేయకుండా కొందరు డివైస్ మేనేజరులో ఇంటెల్‌దాన్ని డిజేబుల్ చేసేస్తారు. అలా చేయకండి. చాలా ల్యాప్‌టాపుల్లో తెరకి బొమ్మ వెళ్ళేది ఆ ఇంటెల్ చిప్ మీదుగానే. పైగా దాని డ్రైవరు కూడా బాగుండాలి. ఎన్విడియాది కొత్తది వేసి, ఇంటెల్‌ది ల్యాప్‌టాప్ కొన్న రోజునాటిది ఉంచి, ఎందుకు సతాయిస్తోందని అడిగితే ఏం చెప్పను?

డెస్క్‌టాప్ వాళ్ళు నవ్వుతున్నారు, మాకు ఆ బాధ లేదని. మీ సంగతి చెప్తాను. క్యాబినెట్ వెనక్కి వెళ్ళి మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. పైన యూఎస్‌బీల పక్కన ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉండే వరసలోది కార్డుది. తుడిచేటప్పుడు కేబుల్ పీకి, మళ్ళీ పెట్టేటప్పుడు పైదానికి పెట్టేసిన స్టూడియోలు నేను చూశాను. కార్డు లోపల ఖాళీగా కూర్చుని ఫ్యాను తిప్పుకుంటుంది పాపం.

డీనాయిజ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబులో జీపీయూ మీద నొక్కండి. గీత పైకి లేవాలి. గీతలు కదలకపోతే కంగారు పడకండి, చిన్న పెట్టెల మీద 3డీ, కాపీ అని పేర్లుంటాయి, వాటి మీద నొక్కితే వేరేవి వస్తాయి, కంప్యూట్ అనే దాన్ని ఎంచుకుని చూడండి. అప్పటికీ కదలకపోతే ఆ పని కార్డు మీద నడవడం లేదన్నమాట.

అదే పేజీలో కింద డ్రైవర్ వెర్షన్, డ్రైవర్ డేట్ ఉంటాయి. ఇక్కడ ఒక చిట్కా. ఎన్విడియా వాళ్ళకి విండోస్ చూపించే నంబరు ఒకటి, సైటులో ఉండే నంబరు ఒకటి. విండోస్‌లో 32.0.15.6636 అని ఉంటే చివరి ఐదు అంకెలు తీసుకోండి. 5, 6, 6, 3, 6. చివరి రెండింటికి ముందు చుక్క పెట్టండి. 566.36. అదీ అసలు వెర్షను. ఎవరికైనా ఫోనులో చెప్పేటప్పుడు ఆ నంబరు చెప్పండి, "లేటెస్టే వేశానండీ" అనకండి. లేటెస్ట్ అనేది నంబరు కాదు కదా.

డివైస్ మేనేజరులో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డు పేరు లేకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, దాని డ్రైవర్ తేదీ 2006 జూన్ 21 అని ఉంటే, మీ కార్డుకి డ్రైవరే ఎక్కలేదు. విండోస్ ఏదో గుడ్డిలో మెల్లగా తెర చూపిస్తోంది, అంతే. ఆ స్థితిలో ఫొటోషాప్ కార్డుని గుర్తించమంటే ఎలా గుర్తిస్తుంది? కార్డు పేరు మీద పసుపు త్రికోణం, కోడ్ 43 అని ఉంటే మాత్రం కార్డుకే జబ్బు వచ్చి ఉండే అవకాశం గట్టిగా ఉంది. డ్రైవరు శుభ్రంగా వేసి చూడండి, అప్పటికీ 43 పోకపోతే డబ్బులు రెడీ చేసుకోండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన దానికి వస్తున్నాను. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైపు చేయండి. రిలయబిలిటీ హిస్టరీ అని వస్తుంది. క్యాలెండరులా ఉంటుంది. ఏ రోజు ఏ ప్రోగ్రాం కూలింది, ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కింది, అన్నీ రోజులవారీగా కనపడతాయి. మీరు "ఉన్నట్టుండి మొదలైందండీ, నేనేం చేయలేదు" అంటారు. నిజమే, మీరు చేయలేదు. మంగళవారం రాత్రి విండోస్ అప్‌డేట్ డ్రైవరు మార్చింది, బుధవారం నుంచి ఎర్ర గుర్తులు. కళ్ళముందు కనపడుతుంది.

అందులో ఫొటోషాప్ ఎర్ర గుర్తు మీద నొక్కితే ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక ఫైలు పేరు చూపిస్తుంది. పేరంతా చదవక్కర్లేదు, మొదటి అక్షరాలు చాలు. ఎన్‌వీతో మొదలైతే ఎన్విడియా వైపు చూడండి. ఏటీఐ, ఏఎండీ అని మొదలైతే ఏఎండీ. ఐజీ అని మొదలైతే ఇంటెల్. ఇవేవీ కాకుండా ఏ ప్లగిన్ పేరో ఉంటే, ఇందాక చెప్పాను కదా, డ్రైవరు జోలికి వెళ్ళకండి. హార్డ్‌వేర్ ఎర్రర్ అని, లైవ్ కెర్నెల్ ఈవెంట్ 141 అని కనపడితే కార్డు మధ్యలో స్పృహ తప్పిందని అర్థం. దాని సంగతి తర్వాత.

డ్రైవరు మారిన రోజునుంచే గొడవ అని తేలితే, అన్నిటికన్నా చిన్న మందు రోల్ బ్యాక్. డివైస్ మేనేజర్, కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. పాతది లోపలే దాచి ఉంటుంది. ఆ బటను నొక్కడానికి రాకుండా మసకగా ఉంటే పాతది మిగల్లేదు, కంపెనీ సైటునుంచి దించుకోవాల్సిందే.

దించుకోవడం ఎక్కడినుంచి? ఎన్విడియాది ఎన్విడియా సైటు, ఏఎండీది ఏఎండీ సైటు, ఇంటెల్‌ది ఇంటెల్ సైటు. ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్టు పేజీలోది ముందు ప్రయత్నించండి, వాళ్ళు ఆ మోడల్‌కి సరిచూసి పెట్టినది. గూగుల్‌లో పైన ప్రకటనలుగా వచ్చే "డ్రైవర్ అప్‌డేటర్" సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్ళొద్దు. వాటిని తీయడానికే నాకు సగం రోజు పడుతుంది.

ఎన్విడియాలో రెండు రకాలు ఉంటాయి, గేమ్ రెడీ, స్టూడియో. స్టూడియో డ్రైవర్లు 2019లో మొదలయ్యాయి, మనలాంటి పనివాళ్ళ కోసమే. అందులో మంత్రమేమీ లేదు. కొత్త గేము వచ్చినప్పుడల్లా గేమ్ రెడీ హడావిడిగా వస్తుంది, స్టూడియో కాస్త నిదానంగా, అడోబ్ లాంటి సాఫ్ట్‌వేర్ల మీద పరీక్షించి వస్తుంది. స్టూడియోలో మీ అబ్బాయి రాత్రిపూట గేములు ఆడకపోతే స్టూడియోదే వేయండి. ఆడుతుంటే కూడా అదే వేయండి, గేములు దాని మీద కూడా నడుస్తాయి.

పాతదాని మీదే కొత్తది వేస్తే కొన్నిసార్లు పాత చెత్త మిగిలిపోతుంది. ఎన్విడియా ఇన్‌స్టాలరులో కస్టమ్ ఎంచుకుంటే క్లీన్ ఇన్‌స్టలేషన్ అని టిక్కు ఉంటుంది, చాలాసార్లు అది చాలు. ఏఎండీ వాళ్ళకి క్లీనప్ యుటిలిటీ ఉంది. ఇవేవీ పనిచేయకపోతే డీడీయూ, డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్. అది ఉచితం, విండోస్‌ని అత్యవసరమైనవాటితో మాత్రమే తెరిచే సేఫ్ మోడ్‌లో నడపాలి. ఇక్కడ మూడు జాగ్రత్తలు. కొత్త డ్రైవరు ముందే దించి పక్కన పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి, లేకపోతే మీరు తీసేసిన మరుక్షణం విండోస్ తనకి నచ్చినది ఎక్కించేస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కొత్త ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకర్ అని డిస్కు తాళం ఉంటుంది. సేఫ్ మోడ్‌కి వెళ్ళేటప్పుడు రికవరీ కీ అడగొచ్చు. 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది ఆ కీ. అది చేతిలో లేకుండా సేఫ్ మోడ్‌లోకి వెళ్ళకండి. పెళ్ళి రా ఫైళ్ళన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయని అప్పుడు గుర్తొస్తుంది.

"కొత్త డ్రైవరంటే మంచిదే కదా సార్" అంటున్నారు ముందు వరసలో. అలాగని ఏమీ లేదండి. 2010లో ఎన్విడియా 196.75 అని ఒకటి విడుదల చేసింది. ఫ్యాను వేగం సరిగా నడపక కార్డులు వేడెక్కిపోతున్నాయని ఫిర్యాదులొస్తే వెనక్కి తీసుకున్నారు. పాత కథ అంటారా? 2025 మొదట్లో ఆర్టీఎక్స్ 50 సిరీస్ వచ్చినప్పుడు 572 వరస డ్రైవర్లతో తెర నల్లగా అయిపోతోందని గోల గోల. ఒకదాని తర్వాత ఒకటి హాట్‌ఫిక్సులు, అంటే హడావిడి మరమ్మతు డ్రైవర్లు, ఇవ్వాల్సి వచ్చింది. అప్పట్లో కొత్త కార్డు కొననివాళ్ళు చాలామంది ఇందాక చెప్పిన 566.36 దగ్గరే ఆగిపోయారు. తెలివైన పని.

ఇంకో పక్క, ఎంత కొత్త డ్రైవరు వేద్దామన్నా లేని కార్డులున్నాయి. జీటీ 710 ఎంతమంది దగ్గరుంది? ఉంది కదా, ఊరూరా ఉంది అది. అది కెప్లర్ తరం. ఆ తరానికి ఎన్విడియా 2021లో మామూలు డ్రైవర్లు ఆపేసింది. పైగా ఇప్పటి ఫొటోషాప్‌కి డైరెక్ట్‌ఎక్స్ 12లో ఫీచర్ లెవెల్ 12_0, అంటే కార్డు చిప్పుకి ఉండాల్సిన సామర్థ్యపు మెట్టు, కావాలి, కెప్లర్ 11_0 దగ్గర ఆగిపోయింది. ఏ డ్రైవరు వేసినా అది మారదు, ఎందుకంటే అది చిప్పులోనే లేదు. కాబట్టి 710 మీద కొత్త ఫొటోషాప్ వేసి, కార్డు గుర్తించట్లేదని డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చోవడం దండగ. టిక్కు తీసేసి ప్రాసెసరు మీద నడుపుకోండి, లేదా కార్డు మార్చండి.

1050 టీఐ అంటున్నారా ఎవరో? అది పాస్కల్ తరం. దానికి 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు అయిపోయాయి, ఇక మూడేళ్ళపాటు భద్రతా అప్‌డేట్లు మాత్రమే. నడుస్తున్నంతకాలం నడపండి, ఇవాళే పారేయక్కర్లేదు. బాగా నడుస్తున్న డ్రైవరు ఇన్‌స్టాలర్ దాచుకోండి, డీనాయిజ్ పెట్టి టీ తాగొచ్చే ఓపిక ఉండాలి, అంతే. కొత్తది కొనేవాళ్ళు మెమరీ చూసి కొనండి. ఫొటోషాప్ కనీసం 1.5 జీబీ అంటుంది, 4కే మానిటర్‌కి 4 జీబీ అంటుంది. డీనాయిజ్ చేసేవాళ్ళయితే 8కి తక్కువ కొనొద్దని నా మాట.

ఇందాక స్పృహ తప్పడం అన్నాను. దాని సంగతి. విండోస్ కార్డుకి పని ఇచ్చి రెండు సెకన్లు చూస్తుంది. రెండు సెకన్లలో పలకకపోతే ఆగిపోయిందనుకుని డ్రైవరుని రీసెట్ చేస్తుంది. విస్టా కాలం నుంచీ ఉందిది, టీడీఆర్ అంటారు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వస్తుంది. విండోస్ తేరుకుంటుంది గానీ, మధ్యలో పని చేస్తున్న ఫొటోషాప్ తేరుకోదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ కింద 4101 అని రాసి ఉంటుంది, డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసి తేరుకుంది అని.

ఇది చూడగానే యూట్యూబులో ఏం చెప్తారు? రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే పెంచేయమంటారు. రెండు సెకన్లని పది చేయమంటారు. నేను దాన్ని చివరికి పెడతాను. బలహీనమైన కార్డు మీద నిజంగానే పెద్ద పని పెట్టి, అది రెండు సెకన్లకి కొంచెం ఎక్కువ తీసుకుంటుంటే పనికొస్తుంది, కాదనను. కానీ మన స్టూడియోల్లో నేను చూసేది వేరు. క్యాబినెట్ తెరిస్తే కార్డు ఫ్యాను రెక్కల మీద దుమ్ము వేలెడు మందం. ఎండాకాలం, ఏసీ కస్టమర్లు కూర్చునే గదిలో ఉంటుంది, సిస్టమ్ మాత్రం వెనక గదిలో. లేదా సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్ ఏ బ్రాండూ లేనిది, కార్డు కొత్తది కొన్నారు గానీ ఎస్‌ఎంపీఎస్ పాతదే ఉంచేశారు. మామూలుగా నడుస్తుంది, డీనాయిజ్ పెట్టగానే కార్డు కరెంటు గుంజుతుంది, ఎస్‌ఎంపీఎస్ అంత ఇవ్వలేకపోతుంది, కార్డు పడిపోతుంది. నేరం మాత్రం డ్రైవరు మీద. ఇలాంటప్పుడు వేచి చూసే సమయం పది సెకన్లు చేస్తే, రెండు సెకన్ల బదులు పది సెకన్లు ఆగి కూలుతుంది. లాభమేంటి?

గుర్తుపట్టడం ఎలా? టాస్క్ మేనేజరులో జీపీయూ ఉష్ణోగ్రత కనపడుతుంది. డీనాయిజ్ ఇరవై ఫొటోలకి పెట్టి అది చూస్తూ కూర్చోండి. మొదటి రెండు ఫొటోలు అయిపోయి, వేడి పెరిగాక కూలిపోతుంటే వేడి. మొదటి ఫొటోకే, కార్డు చల్లగా ఉండగానే, ఠక్కున మొత్తం సిస్టమే ఆఫ్ అయిపోతుంటే కరెంటు. వేడి లేదు, సిస్టమ్ ఆఫ్ అవదు, ఎప్పుడూ ఒకే ఫిల్టరు దగ్గరే కూలుతోంది అంటే, అప్పుడు డ్రైవరు మీద అనుమానం న్యాయమైనది. అంతకుముందు కాదు. కార్డుని ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేరుతో ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టినదానికన్నా వేగం పెంచి, ఉంటే ముందు అది తీసేయండి, మళ్ళీ మాట్లాడుకుందాం.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. డ్రైవరు మార్చి, ప్లగిన్లు తీసి, విండోస్ అప్‌డేట్ కూడా చేసి, "సెట్ అయిపోయిందండీ" అంటారు. దేనివల్ల సెట్ అయిందో తెలియదు కాబట్టి వచ్చే నెల మళ్ళీ వచ్చినప్పుడు మొత్తం మళ్ళీ మొదటినుంచి. బాగా నడుస్తున్న డ్రైవరు నంబరు ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కి అంటించండి, ఆ ఇన్‌స్టాలర్‌ని వేరే డ్రైవులో ఉంచండి. ముహూర్తాల్లో దాన్ని కదపకండి. మాఘం, ఫాల్గుణం, శ్రావణం వచ్చాయంటే అడోబ్ అప్‌డేట్ కూడా వాయిదా వేయండి. మార్పులన్నీ ఆషాఢంలో, మూఢాల్లో పెట్టుకోండి. పెళ్ళిళ్ళకి పనికిరాని రోజులు డ్రైవర్లకి దివ్యంగా ఉంటాయి.

మ్యాక్ సంగతి చెప్పమని చీటీ పంపారు. మ్యాక్‌లో డ్రైవరు విడిగా ఉండదు, మ్యాక్ ఓఎస్‌తోపాటే వస్తుంది. కాబట్టి అక్కడ ఓఎస్ అప్‌డేటే డ్రైవరు అప్‌డేట్. కార్డు ఆపి చూసే పరీక్ష మాత్రం అక్కడ కూడా అదే.

ఇంకో చీటీ. "రేపు పొద్దున ల్యాబ్‌కి ఆల్బమ్ వెళ్ళాలి, రాత్రి పదకొండుకి కూలిపోతోంది, ఏం చేయాలి?" ఇది అసలైన ప్రశ్న. ఆ రాత్రి ఏదీ బాగుచేయకండి. డీడీయూ పట్టకండి, డ్రైవరు దించకండి. జీపీయూ టిక్కు తీసేయండి, మూసి తెరవండి, షీట్లు పూర్తి చేయండి. జూమ్ ఎగిరెగిరి కదులుతుంది, ఓర్చుకోండి. జేపెగ్‌లు మామూలుగానే వస్తాయి. డీనాయిజ్ మాత్రం ఆ రాత్రి పెట్టుకోకండి, కార్డు లేకుండా ఒక్కో ఫొటోకి అది తీసుకునే సమయం చూస్తే తెల్లారిపోతుంది. మామూలు నాయిస్ రిడక్షన్ స్లయిడరుతో సరిపెట్టండి, 12×36 ప్రింటులో ఆ తేడా పెళ్ళివాళ్ళు అడగరు. ఆల్బమ్ ల్యాబ్‌కి చేరాక, కాస్త నిద్రపోయి లేచి, అప్పుడు రిలయబిలిటీ హిస్టరీ తెరవండి.

నా టైము అయిపోయిందని గంట కొడుతున్నారు. తర్వాత మాట్లాడేవారు మానిటర్ కాలిబ్రేషన్ గురించి చెప్తారు, ఇందాక పసుపు రంగు అన్నప్పుడు తలలూపినవాళ్ళు అది వదలకుండా వినండి. మీ సిస్టమ్ ఇన్ఫో తెచ్చుకున్నవాళ్ళు భోజనాల దగ్గర నన్ను కలవండి, చూసి చెప్తాను. నమస్కారం.